చిన్ననాటి గాయానికి మాటల చికిత్సా, మాత్రలా?

కావలిలో మా పిన్ని వంటింట్లో స్టీలు గ్లాసు కిందపడితే చాలు, యాభై ఏళ్ల మనిషి గోడకు అతుక్కుపోతుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న తాగొచ్చి గిన్నెలు విసిరేవాడు. అది పిరికితనం కాదు. ఎదిగే వయసులో భయం రోజూ వెంటాడితే, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం అతిగా ఉలిక్కిపడడం నేర్చుకుంటుంది. దాన్ని అదుపుచేసే మెదడు ముందుభాగం పట్టు సడలుతుంది. దీనికి రెండు దారులు: డాక్టరు రాసే మాత్రలు, లేదా నిపుణుల దగ్గర కూర్చుని ఆ గాయం గురించి మాట్లాడే మాటల చికిత్స.

ఖర్చు: మాత్రలు పెద్దాసుపత్రిలో ఉచితం. మాటల చికిత్సకు వారం వారం నెల్లూరు బస్సెక్కాలి, ఆ రోజు కూలి పోతుంది.

సమయం: మాత్ర గుణం తెలియడానికి కొన్ని వారాలు. మాటల చికిత్స పిల్లలకు సాధారణంగా 12 నుంచి 16 సార్లు.

కష్టం: మాత్ర మింగితే సరి. మాటల్లో ఆ రాత్రులను మళ్లీ తలుచుకోవాలి. రెండోసారి వెళ్లొచ్చాక పిన్నికి నిద్రే లేదు, "ఇంక నావల్ల కాదురా" అంది. నాలుగోసారి తనే ముందు బస్టాండుకొచ్చి నిలబడింది.

ముప్పు: మాత్రలు సొంతంగా ఆపితే తలతిరుగుడు, చిరాకు.

పిల్లలకైతే ముందు మాటల చికిత్సే. నిద్ర, తిండి, పని అన్నీ చెడిన పెద్దలకు మాత్ర కూడా తోడుండాలి. చావు ఆలోచనలొస్తే మాత్రం ఏదా అని తేల్చుకుంటూ కూర్చోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు.