సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్: కొన్నేళ్లు వాడాక నా మాట

బోల్టు బిగుసుకుపోతే పానాకు గొట్టం తొడిగి, కాలు తన్నిపెట్టి లాగడం మనకు అలవాటు. చక్రం నట్లకు అది సరే. ఇంజిన్ మీది సన్నని బోల్టుల దగ్గర అదే బలం చూపిస్తే తల ఊడి చేతికొస్తుంది, మర లోపలే ఉండిపోతుంది. నా పెట్టెలోని పనిముట్లలో ఆ ప్రమాదాన్ని ఎక్కువసార్లు తప్పించింది సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, వెయ్యి రూపాయల లోపే వచ్చింది.

చూడడానికి లావుపాటి ఇనుప పిడి, అంతే. వెనక కొడితే లోపలున్న ఏటవాలు గాడి ఆ దెబ్బను చిన్న మలుపుగా మారుస్తుంది. మామూలు స్క్రూడ్రైవర్‌ను గట్టిగా తిప్పితే స్క్రూ తలలోంచి పైకి జారి గాడిని చెరిపేస్తుంది. ఇక్కడ డ్రైవర్ ముందు తగిలించే బిట్‌ను లోపలికి అదిమిపెట్టేదీ, తిప్పేదీ ఒకే దెబ్బ కాబట్టి జారే అవకాశం తక్కువ. పైగా ఆ అదురుకు మరల మధ్య పట్టిన తుప్పు చిట్లుతుంది. రాడ్డుతో నిదానంగా లాగితే ఈ మేలు జరగదు.

మా నల్గొండ వైపు దీనికి పని దొరకడం కష్టం కాదు. ఇక్కడి నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, కార్లకు చేటు చేసేది బోరు నీటిలోని సున్నపు లవణాలు. ఎండాకాలంలో రేడియేటర్ ఖాళీ అయితే కూలెంట్ కోసం ఎవరు వెతుకుతారు? బకెట్‌లో ఉన్న నీళ్లు పోసేస్తారు. వేడికి ఆ లవణాలు పొరలు కడతాయి. ఇంజిన్ పై భాగమైన అల్యూమినియం హెడ్‌లో ఉక్కు బోల్టు దిగిన చోట నీరు ఊరితే, రెండు లోహాలకు పొసగక అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో నిండిందంటే బోల్టు హెడ్‌తో ఏకమైనట్లే.

నేను మిర్యాలగూడలో కొన్న పాత మారుతి 800 అలాంటి నీళ్లు తాగి వచ్చినదే. ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్‌ను మార్చాలని దాని మూత విప్పబోతే ఒక బోల్టు సులభంగానే వచ్చింది, రెండోది కదల్లేదు. దాని చుట్టూ సున్నం వేసినట్లు తెల్లగా పేరుకుపోయి ఉంది. దేవరకొండ రోడ్డులో షెడ్డు నడిపే మెకానిక్‌ను అడిగితే, ‘తెగిందంటే డ్రిల్ చేయాలి సార్, అది సూటిగా దిగకపోతే హెడ్ విప్పాల్సిందే’ అన్నాడు. దాంతో తొందర మానేశాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక నీళ్లు దించి, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేశాను. మర్నాడు హీట్ గన్‌తో బోల్టును కాకుండా దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడిచేశాను. మీటరు పొడవున్న కడ్డీని 100 డిగ్రీలు వేడిచేస్తే అల్యూమినియం సుమారు 2.3 మిల్లీమీటర్లు సాగుతుంది, ఉక్కు దాదాపు అందులో సగమే. కాబట్టి రంధ్రం బోల్టు కంటే ఎక్కువగా విచ్చుకుంటుంది. మంట మాత్రం వాడకూడదు, పక్కనే పెట్రోలు గొట్టం ఉంటుంది.

తర్వాత డ్రైవర్‌కు బోల్టు తల మీద తొడిగే ఆరు ముఖాల సాకెట్ తగిలించాను. పన్నెండు కోణాలది ఇలాంటి బోల్టు మూలలను అరగదీస్తుంది. పిడిని విప్పే వైపుకు చేత్తో బిగబట్టి, చిన్నగా కొట్టడం మొదలుపెట్టాను. మొదటి దెబ్బలకు మోగిన శబ్దం మొద్దుగా, బండరాయిని కొట్టినట్లు ఉంది. కాసేపటికి ఒక దెబ్బకు అది మారింది. సాకెట్ వెంట్రుకవాసి జరిగింది. అక్కడి నుంచి విప్పుతూనే పోలేదు, మళ్లీ కొంచెం బిగించి, నూనె వేసి, మళ్లీ విప్పాను. బోల్టు బయటికొచ్చేసరికి మరల్లో తెల్లటి పొడి కూరి ఉంది. లోపలి థర్మోస్టాట్ స్ప్రింగు సున్నపు పూతలో కదలకుండా నిలిచిపోయింది. కొత్త బోల్టుకు మళ్లీ పట్టేయకుండా యాంటీ-సీజ్ అనే పూత పూసి బిగించాను. నీళ్ల బదులు కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశాను.

ఇక లోపాలు. దీంతో వచ్చిన బిట్లు నాసిరకం, ప్లస్ బిట్లు అంచులు విరిగి ఒక్కొక్కటిగా పోయాయి. మంచివి విడిగా కొనడమే దారి. జపాన్ డిజైన్ పాత మోటారు సైకిళ్ల ప్లస్ స్క్రూలకు మామూలు ఫిలిప్స్ బిట్ సరిగ్గా కూర్చోదు, వాటికి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం తీసుకోవాలి. మెరిసే క్రోమ్ సాకెట్లు దెబ్బలకు పగిలి ముక్కలు ఎగరవచ్చు. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి, కళ్లద్దాలు తప్పనిసరి. దిశ మార్చే ఏర్పాటు గ్రీజు ఎండితే పట్టేస్తుంది. ఎప్పుడైనా పిడి విప్పి తుడిచి గ్రీజు పెడితే మళ్లీ దారికొస్తుంది. కొట్టే ముందు అది ఏ వైపుకు ఉందో చేత్తో తిప్పి చూడాలి, లేదంటే ప్రతి దెబ్బా బోల్టును ఇంకా బిగిస్తుంది.

దీన్ని అన్ని చోట్లా వాడను. కింద ఆధారం లేకుండా బయటికి పొడుచుకొచ్చిన అల్యూమినియం చెవుల మీద, సెన్సర్ల మీద, స్పార్క్ ప్లగ్గుల మీద సుత్తి ఎత్తను. ప్లగ్గులో పింగాణీ ఉంటుంది, అది పగిలితే ముక్కలు సిలిండర్‌లో పడతాయి. చోటు ఇరుకైతే కూడా లాభం లేదు, సుత్తి ఊపడానికి జానెడైనా ఖాళీ ఉండాలి. మారుతిలో ఇంజిన్ కింది వైపు బోల్టులకు నేను దీన్ని తీసిందే లేదు.

తెగిన బోల్టులు తీసే ఎడమ మర ఎక్స్‌ట్రాక్టర్ల సెట్టు కూడా దీంతోపాటే కొన్నాను. దాని మీద నాకు నమ్మకం లేదు. అంత గట్టి ఉక్కు లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని కొరకదు, బోల్టు ఒక్కటే ఉన్నప్పటికంటే పని చెడుతుంది. ఆ సెట్టు సీలు కూడా విప్పలేదు. కావాలన్నవారు సగం ధరకు తీసుకోవచ్చు.