పారిస్‌లో కంచు పులుల వెంట

లూవ్రులో మోనాలిసా కోసం గంటకు పైగా క్యూలో నిలబడ్డాను. కనిపించింది ముందువాళ్ళ ఫోన్లే. అక్కడి నుంచి రిషెల్యూ విభాగంలోకి, జంతువుల శిల్పి ఆంత్వాన్ లూయీ బారీ (1795–1875) కంచు బొమ్మల దగ్గరికి వస్తే మనిషన్నవాడు లేడు. హాయిగా నేల మీదే కూలబడి చూశాను.

1831 ప్రదర్శనతో ఆయనకు పేరు తెచ్చిన పులి ఇక్కడే ఉంది. దాని నోట్లో గిలగిల్లాడుతున్న పొడుగుమూతి మొసలి మన గంగలో ఉండే ఘరియల్! పాము మీద పంజా వేసిన సింహం ఇంకా పెద్దది. పోతపనివాడు ఒనొరే గొనోన్ దాన్ని మైనం కరిగించే పద్ధతిలో పోతపోశాడు. మన ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా లోహపు బొమ్మలు చేసేదీ మైనంతోనే కదా అనిపించి, ఇంకో అరగంట కదల్లేదు.

నా సలహా: ముందు జార్దాన్ దె ప్లాంత్ అనే మొక్కల తోటకి వెళ్ళండి. బారీ జంతువులను గమనించి బొమ్మలు గీసుకున్న జూ అక్కడే. సింహం చనిపోతే చిత్రకారుడు దెలక్రా బారీకి కబురు పెట్టి పిలిపించాడట, కళేబరాన్ని దగ్గరగా గీసుకోవచ్చని. తోటలోకి ఉచితం, జూకి టికెట్. వేటగాడి మీద పడ్డ ఎలుగుబంటి కంచు బొమ్మ తోటలోనే ఉంది, ఫ్రెమియే అనే శిల్పి చేసింది. పిల్లలతో వెళ్తే కాస్త చూసుకోండి, భయంకరంగా ఉంటుంది. ఓర్సే మ్యూజియం బయట ఉన్న ఏనుగు కూడా ఆయనదే, కానీ అది పోత ఇనుము. సోమవారం ఓర్సేకి, మంగళవారం లూవ్రుకి సెలవు.

బస సంగతి. గార్ దు నార్ రైల్వే స్టేషన్ దగ్గర చవక గది తీసుకున్నాను. లిఫ్ట్ పనిచేయదు, నాలుగో అంతస్తు, ఇరవై కిలోల సూట్‌కేసు. పక్కనే లా షాపెల్‌లో తమిళుల హోటళ్ళు ఉండబట్టి ఇడ్లీ దోసెలతో ప్రాణం నిలిచింది. మూడో రోజు తోట దగ్గరికి మారాను. ఖర్చెక్కువే, కానీ నిద్ర పట్టింది.

చివరి రోజు సాంతువాన్ పాత వస్తువుల బజారు. బారీ సంతకం చూసి మురిసిపోకండి. ఆయన పోయాక కూడా బార్బెదియెన్ పోతశాల ఆ అచ్చులతో బొమ్మలు పోసింది, నకిలీలు సరేసరి. బొమ్మ మీద అచ్చు తీసి మళ్ళీ పోస్తే లోహం కుంచించుకుని కాస్త చిన్నదవుతుంది, గీతల పదును పోతుంది. ఒక కొట్టులో ముచ్చటైన సింహాన్ని తిరగేసి చూశాను. అడుగున గీత పడ్డచోట తెల్లగా మెరిసింది. కంచు రంగు పూసిన జింకు! మారు మాట్లాడకుండా కింద పెట్టేసరికి కొట్టాయన సగం ధరకిస్తానన్నాడు.