సముద్రపు గాలిలో ఫియట్: పదమూడేళ్ల వాడకం తరువాత

శ్రీకాకుళంలో మా వీధిలో దీన్ని పద్మిని అని పిలిచేవారు లేరు, అందరికీ ఇది ఫియట్ కారే. ఆ పిలుపు తప్పు కాదు. ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఈ బండికి మూలం ఇటలీ వారి ఫియట్ 1100, పద్మిని అన్న పేరు 1974లో వచ్చింది. నాది 1986 నాటి బండి. 2012లో కొన్నది మొదలు వారానికి రెండుసార్లయినా బయటికి తీస్తున్నాను. పాత కారు కొనదలచిన వారు నన్ను ముందుగా ఇంజను గురించే అడుగుతారు. నా అనుభవంలో మాత్రం, మా వంటి తీరప్రాంతంలో ముందు చూడవలసింది రేకు.

ఇంజను సంగతి త్వరగా చెప్పేస్తాను. 1089 సి.సి., నాలుగు సిలిండర్లు, పెట్రోలును గాలితో కలిపి పంపే కార్బ్యురేటర్. ప్లగ్గులకు కరెంటు అందించే పాయింట్లు సాఫు చేసి, ప్లగ్గులు గీకి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అంటే జెట్టు, ఊది పెడితే ఉదయం ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుంది. మే నెల ఎండలో పెట్రోలు పంపు వేడెక్కి, లోపలి పెట్రోలు ఆవిరై బండి ఆగిపోవడం దీనికి ఉన్న పాత జబ్బు. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మళ్లీ కదులుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులు మెత్తబడడం గమనించి అన్నీ మార్పించాను.

అసలు కష్టం నాకు 2018 అక్టోబరులో, తిత్లీ తుపాను వెళ్లాక తెలిసింది. బండి తలుపులు తీయగానే ముక్కిపోయిన వాసన. తుడిచి, ఎండలో పెట్టి ఊరుకుంటే, ఇంజను పనికి వచ్చిన ముసలి మేస్త్రీ "బాబూ, కింద మేటు ఎత్తి ఎప్పుడైనా సూసినావేటి?" అని అడిగారు. కాళ్ల కింద పరిచిన ఆ మేటు ఎత్తి చూస్తే దాని కింది జనపనార పట్టా ఇంకా తడిగానే ఉంది. క్లచ్ పెడల్ పక్కన స్క్రూడ్రైవరు ఆనించి కాస్త నొక్కగానే రేకు అప్పడంలా విరిగి, కింద నేల కనిపించింది. అంతకు అయిదేళ్ల ముందు ఒక షెడ్డువారు రంగు వేసి ఇచ్చినప్పుడు ఆ తుప్పును కోసి తీయకుండా, కాగితం కుక్కి, పైన పుట్టీ పూసి నునుపు చేశారని అప్పుడు బయటపడింది. ఆ మెరుపు చూసి మురిసిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ కారుకు బరువు మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్, విడిగా లేదు. నేల రేకు, తలుపుల కింది పట్టీలు, పైకప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి కాబట్టి అక్కడ తుప్పు పడితే అందం పోవడంతో ఆగదు, బండి బలమే పోతుంది. కుళ్లిన భాగమంతా కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూయించడానికి 62,000 రూపాయలు అయింది. నీరు దిగిన దారి ముందు అద్దం చుట్టూ గట్టిపడిన రబ్బరు. తలుపుల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలు కూడా మట్టితో పూడిపోయి ఉన్నాయి. ఇప్పుడు వానాకాలంలో నెలకొకసారి సైకిలు పుల్లతో వాటిని తీస్తాను, కళింగపట్నం వెళ్లి వస్తే ఆ రోజే మంచినీటితో అడుగుభాగం కడుగుతాను.

సామాను దొరకదన్న భయం సగమే నిజం. దశాబ్దాల పాటు ముంబయి టాక్సీలు ఇవే కావడంతో విడిభాగాలు విరివిగా ఉండేవి. 2023 అక్టోబరులో ఆ టాక్సీలు పూర్తిగా ఆగిపోయాక మాత్రం తలుపు రబ్బర్లు, దీపాల అద్దాల వంటివి కనిపించినప్పుడే కొని దాచుకుంటున్నాను. వెనుక చక్రాల మీది కమాన్ కట్టలు (కుదుపులు ఆపే వంపు ఉక్కు పట్టీలు) కుంగితే, లారీ పనికి పేరున్న సాలూరు తీసుకువెళ్లి వంపు సరిచేయించాను, ఆ పనికి నేను ఎంతైనా మెచ్చుకుంటాను.

నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే కనుక నీటిలో దిగి వచ్చాక కొంతదూరం మెల్లగా నొక్కుతూ ఆరబెట్టుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. గేరు మీట స్టీరింగ్ పక్కనే ఉంటుంది, అది మాత్రం వారంలో అలవాటవుతుంది.

కొనడానికి వెళ్లేవారు చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. తలుపుల కింది పట్టీల వెంబడి, చక్రాల పైన ఉన్న వంపుల మీద దాన్ని ఆనించి చూడండి, పుట్టీ మందంగా ఉన్న చోట అది పట్టుకోదు. ఆ తరువాత అమ్మేవారిని అడిగి, మేటు ఎత్తి చూడండి.