ఏడాది మిర్చి సీజన్‌లోనే కొనాలా, నెలనెలా కొనాలా?

ఫిబ్రవరి వచ్చిందంటే చిన్న కారం మిల్లుల వారి నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలుగా దిగే ఈ మూడు నాలుగు నెలల్లోనే ఏడాదికి సరిపడా కాయ కొని ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో, పెట్టుకోవడం మేలా, లేక ఏ నెలకు కావలసింది ఆ నెల కొనుక్కోవడం మేలా అన్నదే ఆ ప్రశ్న. ఈ ఏడాది మా మిల్లుకు కూడా ఇదే తేల్చుకోవలసి వచ్చింది గనుక, నేను వేసుకున్న లెక్కనే ఇక్కడ విడమరచి చెబుతాను. తేజ, 334, బ్యాడిగి అనే మిర్చి రకాల తేడాలూ, తాలు (రంగు వెలిసిన కాయ) ఏరడం వంటి సంగతులూ చదివేవారికి తెలిసినవేనని భావిస్తున్నాను.

సీజన్‌లో కొనడంలో ఉన్న అసలు సుఖం ఎంచుకునే స్వేచ్ఛ. మార్చి, ఏప్రిల్‌లలో కాయ రంగుతో, నిగనిగలాడుతూ వస్తుంది. పది లాట్లు చూసి ఒకటి తీసుకోవచ్చు. ఆ తర్వాత తాలు పెరుగుతుంది, యార్డుకు వేసవి సెలవులు వస్తాయి, సెలవులు ముగిశాక దొరికేదంతా దాదాపుగా ఏసీ సరుకే. అప్పుడు మనం కొనేది రైతు దగ్గర కాదు, ధర వచ్చేదాకా ఆగగలిగిన వ్యాపారి దగ్గర. బేరంలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అయితే ఈ సుఖానికి అయ్యే ఖర్చును చాలామంది ఏసీ అద్దెతో సరిపెట్టి చూస్తారు. లెక్క సులువుగా ఉండడానికి, ఏడాదికి 24 టన్నులు మర ఆడే మిల్లు కిలో 150 రూపాయల చొప్పున మొత్తం సరుకును మార్చిలోనే కొన్నదనుకుందాం. పెట్టుబడి 36 లక్షలు. సరుకు నెలనెలా తరుగుతూ పోతుంది గనుక ఏడాది పొడవునా సగటున 18 లక్షలు ఇరుక్కుని ఉంటాయి. 12 శాతం వడ్డీకి అది 2.16 లక్షలు, అంటే కిలోకు 9 రూపాయలు. అద్దె, హమాలీ, బీమా కలిపి మరో 5 రూపాయలు వేసుకుంటే మొత్తం 14. నెలనెలా కొనేవారి సగటు ధర ఏడాది మీద 164 రూపాయలు దాటితే తప్ప మనం ముందుగా కొన్నందుకు ధరలో మిగిలేది ఏమీ ఉండదు. ఏసీ రశీదు మీద బ్యాంకు అప్పు తీసుకున్నా ఈ లెక్క మారదు. పైగా ధర పడితే ఆ తేడాను కట్టమని బ్యాంకు అడిగే ప్రమాదం అదనం.

మరి ధర దాటుతుందా? ఇక్కడే అందరూ జోస్యాల్లో పడతారు. 2021 వేసవిలో కొని ఏసీలో పెట్టినవారికి, ఆ ఏడాది చివర పంటను నల్ల తామర పురుగు దెబ్బతీయడంతో, చేతిలో ఉన్న సరుకే బంగారమైంది. 2023లో తేజ క్వింటాలు 20 వేలు దాటింది. ఆ ఊపు చూసి తర్వాతి సీజన్లలో నిల్వ పెట్టినవారు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ. 11,781 ధర ప్రకటించవలసి వచ్చేంతగా మార్కెట్ కూలిపోవడం చూశారు. అయిదేళ్లయినా నిండకుండానే రెండు వైపులా పాఠం చెప్పిన సరుకు ఇది. ధరను ఊహించి బతకడం నిల్వ వ్యాపారి వృత్తి. అతనికి వందల లాట్ల సమాచారం ఉంటుంది, ఒక ఏడాది పోయినా మరో ఏడాది రాబట్టుకునే ఓపిక ఉంటుంది. మర ఆడించే మనకు ఆ రెండూ ఉండవు.

అందుకే నేను కొనుగోలు ధర వైపు కాక అమ్మకం వైపు నుంచి చూస్తాను. మన కారానికి మనం ఎంతకాలం ముందుగా ధర ఒప్పుకున్నాం అన్నదే నా దృష్టిలో ఈ విషయాన్ని తేల్చే అంశం. హోటళ్లకు, హాస్టళ్లకు, క్యాటరింగ్ వారికి ఏడాది పొడవునా ఒకే రేటుకు ఇస్తామని ఒప్పుకుని, దానికి కావలసిన కాయను నెలనెలా కొంటున్న మిల్లు తనకు తెలియకుండానే జూదమాడుతోంది: ధర పెరిగితే ఆ పెరుగుదల మొత్తం దాని మీదే పడుతుంది. దీనికి సరిగ్గా తిరగేసిన పొరపాటు, విడిగా రోజు ధరకు అమ్మే మిల్లు ఏడాది సరుకును ఏసీలో పెట్టుకోవడం. ధర పడినప్పుడు పక్క మిల్లువాడు చౌక కాయతో ఆడించి తక్కువకు ఇస్తుంటే, మన పాత ధర గురించి వినే ఓపిక కిరాణా కొట్టువాడికి ఉండదు. ప్యాకెట్ అమ్మకం ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. దుకాణాల్లో ఉన్న సరుకు కదిలి, కొత్త ఎమ్మార్పీ ప్యాకెట్లు చేరడానికి రెండు మూడు నెలలు పడుతుంది గనుక, అంతమేరకు నిల్వ ఉంటే చాలు. ఇక ఆవకాయ గిరాకీ ఎటూ సీజన్‌లోనే వచ్చి సీజన్‌లోనే పోతుంది. దానికోసం ఏసీ గడప తొక్కనక్కరలేదు.

ఈ కొలతతో చూస్తే, నేను చూసిన చిన్న మిల్లుల్లో ఏడాది రేటుకు ఒప్పుకున్న అమ్మకం సగం కూడా ఉండదు. కాబట్టి మిగతా సగం పైచిలుకు విషయంలో నా మొగ్గు నెలనెలా కొనడం వైపేనని దాచకుండా చెబుతాను. దీనికి ఎదురయ్యే గట్టి అభ్యంతరం రంగు. ఆగస్టులో కొన్న కాయ, అక్టోబరులో కొన్న కాయ ఒకే ఎరుపు ఇవ్వవు, ఇల్లాలు ప్యాకెట్ విప్పగానే పోల్చేస్తుంది. దీనికి మేము పాటిస్తున్న ఉపాయం ఒకటుంది: రంగు కోసం కలిపే బ్యాడిగి మా మిశ్రమంలో తక్కువ పాలే గనుక దాన్ని మాత్రం ఏడాదికీ సీజన్‌లోనే కొని ఏసీలో ఉంచుతాము, ఘాటు కోసం వాడే తేజ నెలనెలా మారినా, బ్యాడిగి పాలును కాస్త అటూ ఇటూ జరిపి రంగును సరిచేసుకోవచ్చు. ఏసీ నుంచి తెచ్చిన కాయ బయటి గాలికి చెమ్మ పడుతుంది, పొడిలో తేమ 11 శాతానికి మించకూడదన్నది నిబంధన. అందువల్ల మూడు నాలుగు రోజుల మరకు సరిపడా మాత్రమే బయటికి తీసి, ఆరనిచ్చి ఆడించాలి. ఏడాది సరుకు సొంతంగా పెట్టుకున్నవారికీ ఈ పని తప్పదు.

రైతు ఉత్పత్తిదారుల సంఘాల నుంచి నేరుగా కొనడం, వేరే మిల్లు నుంచి పొడి కొని మన పేరుతో ప్యాక్ చేయడం అనే దారులు కూడా ఉన్నాయి. మొదటిది సరుకు నాణ్యతకు మంచిదే గానీ, ఎప్పుడు కొనాలన్న చిక్కును తీర్చదు. రెండోది నాకు నచ్చదు. కల్తీ వస్తే పేరు మనది పోతుంది.

ఈ ఏడాది మా మిల్లుకు ఒప్పుకున్న అమ్మకం 10 టన్నులు. దానికి సరిపడా కాయను, ఏడాది బ్యాడిగిని ఏప్రిల్‌లోపు కొన్నాము. మిగిలినది నెలనెలా, చేతిలో నలభై అయిదు రోజుల నిల్వ ఉండేలా కొంటున్నాము. సెప్టెంబరు చివరకు నాట్లు ఎన్ని పడ్డాయో, ఏసీల్లో ఎంత సరుకు మిగిలిందో తెలుస్తుంది, కొద్ది వారాల్లో మధ్యప్రదేశ్ కొత్త కాయ కూడా రావడం మొదలవుతుంది. అప్పుడు ఆ నలభై అయిదు రోజులను అరవై చేయాలా, ముప్ఫైకి తగ్గించాలా అన్నది మళ్లీ కూర్చుని చూస్తాము.