క్రూంబిట్ కొండల నుంచి బేకర్స్ క్రీక్ చెరకు తోటల దాకా

బ్రిస్బేన్‌లో అక్కయ్య ఇంటికి వెళ్లిన రెండో రోజే బావగారు ఒక ప్రశ్న అడిగారు. "ఆస్ట్రేలియాలో ఇంతవరకూ జరిగిన విమాన ప్రమాదాల్లో ఎక్కువమంది ప్రాణాలు పోయింది ఎక్కడో చెప్పు చూద్దాం." సిడ్నీ అన్నాను, మెల్‌బోర్న్ అన్నాను. రెండూ కాదు. క్వీన్స్‌లాండ్ తీరంలో మకాయ్ అనే ఊరి పక్కన బేకర్స్ క్రీక్. 1943 జూన్ 14న అమెరికా సైనిక విమానం ఒకటి అక్కడ కూలి 40 మంది చనిపోయారు. యుద్ధకాలపు ఆంక్షల వల్ల ఆ వార్త అప్పట్లో బయటికి రాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన ఆఫీసులో చాలామందికి ఆ ఊరి పేరే తెలియదట.

గోల్డ్ కోస్ట్ బీచ్‌లకు వెళ్దామన్న ఆలోచన అక్కడితో మానుకున్నాం. జూన్ రెండో వారంలో ముగ్గురం కారులో బయలుదేరి, దారిలో గ్లాడ్‌స్టోన్ దగ్గర ఇంకో యుద్ధకాలపు విమానం కూలిన క్రూంబిట్ టాప్స్ అనే కొండల పార్కు చూసుకుని, మకాయ్ చేరి, అక్కడి నుంచి విమానంలో తిరిగి వచ్చాం. మొత్తం నాలుగు రాత్రులు. ఇలాంటి చోట్లకు వెళ్లాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని, ఏది బాగుంది, ఏది బాగాలేదు అన్నీ రాస్తున్నాను.

బయలుదేరే ముందు బ్రిస్బేన్‌లోనే మెకార్థర్ మ్యూజియం చూడండి. పసిఫిక్ నైరుతి ప్రాంతపు మిత్రసేనల అధిపతి జనరల్ మెకార్థర్ 1942 జులై నుంచి ఆ భవనంలోనే కూర్చుని యుద్ధం నడిపించాడు. ఎనిమిదో అంతస్తులో ఆయన గది ఉంది. చిన్న మ్యూజియమే. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి ముందుగా వేళలు కనుక్కుని వెళ్లాలి. అక్కడి పటాల ముందు కాసేపు నిలబడితే, క్వీన్స్‌లాండ్ తీరం పొడవునా అన్ని విమానాశ్రయాలు ఎందుకు పుట్టుకొచ్చాయో అర్థమవుతుంది. ఉత్తరాన న్యూగినియా దీవిలో జపాన్‌తో పోరాటం. అక్కడికి మనుషులు, మందులు, తిండి, తూటాలు అన్నీ ఇటునుంచే వెళ్లాలి. అలసిన సైనికులు సెలవుకు ఇటే రావాలి. ఈ రాకపోకల్లో శత్రువు తూటా ఒక్కటి కూడా తగలకుండానే ఎన్నో విమానాలు పోయాయి. 1943 సెప్టెంబరు 7న న్యూగినియాలోని పోర్ట్ మోర్స్‌బీలో ఒక లిబరేటర్ బాంబరు పైకి లేస్తూనే కూలి, విమానం కోసం లారీల్లో ఎదురుచూస్తున్న ఆస్ట్రేలియా పటాలం మీద పడింది. 60 మందికి పైగా సైనికులు చనిపోయారు. విమానంలో ఉన్న 11 మందీ పోయారు.

ఇక కారు సంగతి. క్రూంబిట్ వెళ్లాలంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే, నేల నుంచి ఎత్తుగా ఉండే బండి తప్పనిసరి. మామూలు కారుతో సాహసం చేయకండి. బండి అద్దెకు తీసుకునేటప్పుడు మట్టి రోడ్ల మీద నడపడానికి అనుమతి ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఫోనులో సరేనన్నవారు కౌంటర్ దగ్గర కాదన్నారు. బావగారు ఓపికగా మాట్లాడి వేరే బండి ఇప్పించుకున్నారు. బ్రిస్బేన్‌లో తీసుకుని మకాయ్‌లో వదిలేయడానికి అదనంగా వసూలు చేస్తారని కూడా అప్పుడే చెప్పారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే మేము ఇంకోచోట అడిగేవాళ్లం.

గ్లాడ్‌స్టోన్ బ్రిస్బేన్ నుంచి 500 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రేవు, బొగ్గు, అల్యూమినియం కర్మాగారాలు ఉన్న ఊరు. చూడటానికి మాకు పెద్దగా ఏమీ దొరకలేదు కానీ బస చేయడానికి మంచి చోటు. మేము దిగిన మోటెల్‌లో గది శుభ్రంగా ఉంది, వంటకు చిన్న పొయ్యి ఉంది. కారు గది గుమ్మం ముందే ఆపుకోవచ్చు. ఆలస్యంగా చేరతామని ఫోను చేస్తే తాళం ఒక పెట్టెలో ఉంచి, దాని అంకె చెప్పారు. అక్కయ్య పొద్దున్నే అక్కడే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దింది. అది మంచి పని అయింది, ఎందుకంటే క్రూంబిట్‌లో కొట్టు లేదు, పెట్రోలు లేదు, ఫోను సిగ్నల్ లేదు. తాగునీళ్లు కూడా మనమే పట్టుకెళ్లాలి.

కాలియోప్ అనే ఊరు దాటాక రోడ్డు మట్టిదవుతుంది. పశువుల పొలాలు, వాటి మధ్య తీగ కంచెలు. ఆ తర్వాత కొండ ఎక్కడం మొదలవుతుంది. పైన రాతి అంచులు, యూకలిప్టస్ అడవి. కారు ఆపి కాస్త దూరం నడిస్తే చెట్ల మధ్య ఆ విమానం కనిపిస్తుంది.

దాని పేరు బ్యూటిఫుల్ బెట్సీ. బి-24 లిబరేటర్. యుద్ధంలో ఎన్నోసార్లు బాంబులు వేసి వచ్చి, ఇక దాడులకు పనికిరాదని పక్కన పెట్టిన విమానం. తర్వాత సామాన్లు, సెలవు మీద వెళ్లేవాళ్లను మోయడానికి వాడారు. 1945 ఫిబ్రవరి 26న ఉత్తరాన డార్విన్ వైపు నుంచి బ్రిస్బేన్‌కు బయలుదేరింది. అందులో ఎనిమిది మంది. ఆరుగురు అమెరికన్లు, ఇద్దరు స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు నడిపే బ్రిటిష్ పైలట్లు. ఆ ఇద్దరిలో ఒకరు బ్రిస్బేన్‌లో పెళ్లి చేసుకోవడానికి వెళ్తున్నాడు. దారిలో వాతావరణం చెడింది. విమానం చేరలేదు. వెతికినా దొరకలేదు. 1994 ఆగస్టులో పార్కు రేంజరు కంట పడేదాకా, అంటే 49 ఏళ్లు, ఈ కొండ మీదే ఉంది.

తునకలను ఎక్కడివక్కడే ఉంచేశారు. నేను ఒక రెక్క ముక్క దగ్గర చాలాసేపు కూర్చున్నాను. రంగంతా పోయి వెండిలా తేలిన అల్యూమినియం రేకు. దాని అంచు వెంబడి రివెట్ల వరుస, ఒక్కటి కూడా వంకర లేకుండా, మా అమ్మమ్మ దుప్పటికి వేసిన కుట్టులా సమానమైన దూరాల్లో. ఏ కర్మాగారంలోనో ఎవరో అంత శ్రద్ధగా బిగించారు. రేకు మాత్రం మధ్యలో కాగితంలా నలిగిపోయింది. ఇంకాస్త దూరంలో ఇంజను. గుండ్రంగా పేర్చిన సిలిండర్ల మధ్య ఎండుటాకులు నిండి ఉన్నాయి. దేన్నీ తాకకూడదు, చిన్న ముక్క కూడా తీసుకోకూడదు. ఇది మనుషులు పోయిన చోటు. మేమున్నప్పుడే అక్కడికి వచ్చిన ఒక కుటుంబం పిల్లలను ఇంజను ఎక్కించి ఫోటోలు తీస్తుంటే బావగారు దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పారు. వాళ్లు వెంటనే దింపారు.

నాకు అక్కడ 2016 జులై 22 గుర్తొచ్చింది. విశాఖలో ఉండేవాళ్లం కాబట్టి మర్చిపోవడం సాధ్యం కాదు. తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్తున్న వైమానిక దళం ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద కనపడకుండా పోయింది. అందులో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది మా విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. శకలాలు సముద్రం అడుగున దొరికాయన్న మాట 2024 జనవరిలో వచ్చింది. ఆ ఏడున్నరేళ్లూ ఆ ఇళ్లలో ఎలా గడిచాయో ఊళ్లో అందరికీ తెలుసు. కర్మకాండ చేయాలా వద్దా, ఫోటోకు దండ వేయాలా వద్దా అన్నదే తేలని ఇళ్లు. మరి 49 ఏళ్లు? పెళ్లికొడుకు కోసం బ్రిస్బేన్‌లో ఎదురుచూసిన అమ్మాయి ఎన్ని రోజులు ఎదురుచూసి ఉంటుంది? పులిహోర డబ్బాలు ఎవరమూ తెరవలేదు. కొండ దిగాక తిన్నాం.

క్రూంబిట్‌కు ఒక పూర్తి రోజు కేటాయించండి. చీకటి పడకముందే కిందికి దిగేయాలి. సాయంత్రం కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి. వాన పడితే వెళ్లకండి.

రాక్‌హాంప్టన్‌లో ఆగింది భోజనానికే. దానికి ఉత్తరాన కెనాల్ క్రీక్ దగ్గర 1943 డిసెంబరు 19న ఒక సి-47 రవాణా విమానం కూలి 31 మంది చనిపోయారు. అక్కడా స్మారకం ఉంది. ఈసారి కుదరలేదు. మళ్లీ వస్తే ఆ చోటుకే ముందు వెళ్తాను.

రాక్‌హాంప్టన్ నుంచి మకాయ్ 330 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మనుషుల అలికిడి లేని దారి. బడలిక ఎక్కువ. మకాయ్ దగ్గర పడుతుండగా రెండు పక్కలా చెరకు. అనకాపల్లి దగ్గర పుట్టి పెరిగినదాన్ని, నాకు ప్రాణం లేచొచ్చింది. క్రషింగ్ మొదలయ్యే రోజులు. గాలిలో మడ్డి వాసన. చెరకు నింపుకున్న చిన్న చిన్న పెట్టెల రైలు సన్నటి పట్టాల మీద రోడ్డును అడ్డంగా దాటుతుంటే కారు ఆపి అంతా చూశాం.

మకాయ్‌లో బస మాత్రం నిరాశపరిచింది. ముగ్గురికని చెప్పి కట్టిన గదిలో రెండు మంచాలే ఉన్నాయి. మూడో పరుపు నేల మీద వేశారు. అడిగితే తగ్గిస్తామన్న డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. ఊరు మాత్రం బాగుంది. పాతకాలపు భవనాలు, నది ఒడ్డున డబ్బు కట్టక్కర్లేని ఈత కొలను, మంచి తోట. భారతీయ భోజనం దొరికింది, కారం తక్కువే అయినా వేడిగా పెట్టారు.

బేకర్స్ క్రీక్ మకాయ్‌కు దక్షిణాన ఎనిమిది కిలోమీటర్లు. టికెట్టు లేదు, గేటు లేదు, గైడు లేడు. ఏటా జూన్ 14న ఇక్కడ సంస్మరణ జరుగుతుంది. మేము రెండు రోజుల ముందే వెళ్లడంతో ఎవరూ లేరు.

ఆ విమానం బి-17 ఫ్లయింగ్ ఫోర్ట్రెస్. 1941 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లో జరిగిన పోరాటంలో దెబ్బతిన్నది. దీన్నీ తర్వాత రవాణాకు మార్చారు. మన ఆర్టీసీలో ఎక్స్‌ప్రెస్‌గా కిలోమీటర్లు తిరిగేసిన బస్సును పల్లెవెలుగు చేసినట్టు. బస్సు ఆగిపోతే దిగి నడవవచ్చు. ఇది గాలిలో ఉండాల్సినది. బాంబుల కోసం కట్టిన ఆ విమానంలో ఆరుగురు సిబ్బంది, 35 మంది ప్రయాణికులు. మకాయ్‌లో అమెరికన్ రెడ్‌క్రాస్ నడిపిన విశ్రాంతి కేంద్రంలో సెలవు గడిపి న్యూగినియాకు తిరిగి వెళ్తున్న కుర్రాళ్లు. ఉదయం ఆరు గంటల వేళ, పొగమంచులో లేచింది. నిమిషాల్లోనే కూలింది. ఒక్కడు బతికాడు. ఎందుకు కూలిందో ఈనాటికీ తేలలేదు.

నన్ను ఎక్కువ బాధించింది ఆ తర్వాత జరిగింది. అమెరికా సేనలు ఎక్కడున్నాయో శత్రువుకు తెలియకూడదని ప్రమాదం సంగతి దాచారు. ఇళ్లకు చేరిన కబురులో నైరుతి పసిఫిక్‌లో విమాన ప్రమాదం అన్న ముక్క తప్ప ఊరి పేరు లేదు. యుద్ధం నడుస్తుండగా దాచడం నాకు అర్థమవుతుంది. యుద్ధం ముగిశాక కూడా దశాబ్దాల పాటు ఆ తల్లులకు ఎవరూ చెప్పకపోవడం అన్యాయం. చాలామంది తమ బిడ్డ ఎక్కడ పోయాడో తెలియకుండానే కన్నుమూశారు. స్మారకం 1992లో గానీ రాలేదు. వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్ శ్మశానవాటికకు ఆనుకుని ఉన్న ఫోర్ట్ మయర్ దగ్గర మరో స్మారకం 2009లో వెలిసింది.

బేకర్స్ క్రీక్ స్మారకం మీది పేర్లు చూపించి, "పేర్లు పైకి చదవండి బావగారూ" అన్నాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని మొదటి పేరు నుంచి మొదలుపెట్టారు. పలకడం రాని ఇంటిపేర్ల దగ్గర ఆగి, రెండోసారి సరిగ్గా పలికి ముందుకు వెళ్లారు. అక్కయ్య వేళ్ల మీద లెక్కపెడుతూ నిలబడింది. నలభయ్యో పేరు అయ్యేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. మేము తెచ్చిన చామంతులు కింద పెట్టాం.

ఈ ప్రయాణంలో ఒక్క చోటికే వీలైతే ఎటు వెళ్లాలని అడిగితే బేకర్స్ క్రీక్ అంటాను. క్రూంబిట్‌లో చూడటానికి ఎక్కువ ఉంది. కానీ అక్కడికి పెద్దవాళ్లను, పసిపిల్లలను తీసుకెళ్లడం కష్టం. ఇక్కడికి మామూలు కారు చాలు, మకాయ్ విమానాశ్రయం నుంచి పది నిమిషాలు. అరగంట ఉండండి, పేర్లు చదవండి.

మర్నాడు బ్రిస్బేన్‌కు ఉదయం మొదటి విమానం. కిటికీ పక్క సీటు, కుడివైపు, అడిగి తీసుకున్నాను. ఆ రోజు మంచు లేదు. చక్రాలు నేల వదలగానే చెరకు తోటలు, వాటి మధ్య ఇళ్ల కప్పులు, ఒక వాగు కనిపించాయి. బావగారు గడియారం చూస్తున్నారు. "ఇక్కడి దాకానే" అన్నారు.