జాగ్రత్త: డబ్బా మ్యాచ్ పెల్లెట్లది, లోపల నాసిరకం సరుకు

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చేవాళ్లకీ, పిల్లల్ని రేంజ్‌కి తిప్పుతున్న అమ్మానాన్నలకీ ఈ పోస్టు. (పెల్లెట్లంటే ఈ రైఫిల్లో వాడే చిన్న సీసం గుళ్లు. మ్యాచ్ పెల్లెట్లంటే పోటీల కోసం ఒకే తూకంలో చేసినవి.) వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "జర్మనీ మ్యాచ్ పెల్లెట్లు, స్టాకు రెడీ, బయటికన్నా తక్కువ రేటు" అని ఫొటో పెడితే, డబ్బు పంపేముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నాకు 9,900 రూపాయలు పోయాయి, దాంతోపాటు దాదాపు మూడు నెలలు పోయాయి. డబ్బు పోతే పోయింది. ఆ మూడు నెలలు నన్ను నేను తిట్టుకున్న తిట్లే ఇంకా మింగుడు పడటం లేదు.

నేనేమీ పతకాలు తెచ్చే షూటర్ని కాదు. బ్యాంకు ఉద్యోగం, వయసు 47, వారానికి మూడు సాయంత్రాలు రేంజ్. రాష్ట్ర పోటీల్లో మాస్టర్స్ విభాగంలో నిలబడి పరువు పోకుండా దిగి రావడం నా స్థాయి. రోజుకి 80 షాట్లు, అంటే 500 పెల్లెట్ల డబ్బా రెండు వారాలు వస్తుంది. రైఫిలంటే ఒకసారి కొనేస్తే అయిపోతుంది (దాని అసలు రేటు మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు, ఆ కథ ఇక్కడ వద్దు). పెల్లెట్లు అలా కాదు, పాల ప్యాకెట్లలాంటివి. ఎన్ని తెచ్చినా రేపటికి మళ్లీ కావాలి.

మేం వాడే మ్యాచ్ పెల్లెట్లన్నీ బయటి దేశాల సరుకే. ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్ జర్మనీవి, జేఎస్‌బీ చెక్ వాళ్లది. యూరో 90 రూపాయల దగ్గరున్నప్పుడు వచ్చిన రేటు, 2025లో అది వంద దాటాక ఎందుకు వస్తుంది? దానికి తోడు 2024 పారిస్‌లో మనూ భాకర్ రెండు కాంస్యాలు తెచ్చిన దగ్గర్నుంచి మా రేంజ్‌లో సాయంత్రం పూట లేన్ దొరకడమే గగనమైంది. కాల్చే చేతులు పెరిగాయి, వచ్చే డబ్బాలు పెరగలేదు. నేనెప్పుడూ కొనే చోట 1,500 ఉన్న డబ్బా 2,100 అయింది. అదైనా "వచ్చే నెల రావచ్చు సార్" అన్న మాటే తప్ప చేతికి రాలేదు.

డాలస్‌లో ఉండే మా బావమరిది పిస్టల్ పోటీలకి వెళ్తుంటాడు. 2020, 21లో అక్కడ తూటాల కరువొచ్చినప్పుడు, 20 సెంట్ల 9 ఎంఎం రౌండుకి 60, 70 సెంట్లు పోస్తున్నానని ఫోన్లో మొత్తుకునేవాడు. "సరదాకి కాల్చేవాడివి, నాలుగు నెలలు మానేస్తే ఏం పోతుంది?" అని నవ్వాను. ఇప్పుడు వాడి వంతు.

ఇలాంటి టైములో ఆ మెసేజ్ వచ్చింది. డబ్బా 1,650, ఆరు తీసుకుంటే కొరియర్ ఫ్రీ. వీడియో కూడా పెట్టాడు, బల్ల మీద వరసగా డబ్బాలు. బిల్లు అడిగితే "బిల్లంటే జీఎస్టీ పడుతుంది కదా సార్, మనలో మనకెందుకు" అన్నాడు. బ్యాంకులో పొద్దస్తమానం జనానికి బిల్లు తీసుకోండి, రసీదు తీసుకోండి అని చెప్పే నేనే తలూపి యూపీఐలో 9,900 కొట్టేశాను.

పార్సిల్ వచ్చింది. డబ్బాలు నికార్సయినవే. లేబులు, 4.50 సైజు, 0.53 గ్రాములు అన్న అంకె, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఆలోచిస్తే అన్నీ ఎదురుగానే కనబడుతున్నాయి. ఒకేసారి వచ్చిన ఆరు డబ్బాల మీద ఆరు వేర్వేరు లాట్ నంబర్లు (ఒక విడతలో తయారైన సరుకంతటికీ వేసే నంబరు). పెల్లెట్లు కదలకుండా పైన ఉండే పల్చటి స్పాంజి ఒక్కదాంట్లో కూడా లేదు. మూత తీసి పెల్లెట్లు పట్టుకుంటే వేళ్లకి నల్లగా సీసం పొడి అంటింది. ఒక డబ్బా అడుగున ఎవరో మార్కర్‌తో రాసి, తర్వాత స్పిరిట్‌తో తుడిచిన మరక. కరువులో దొరికిందే పదివేలనుకున్న కళ్లకి ఇవేవీ ఆనలేదు.

అప్పటిదాకా ప్రాక్టీసులో నా స్కోరు 60 షాట్లకి 612, 614 దగ్గర తిరిగేది. షాటుకి 10.9 చొప్పున గరిష్ఠం 654. అలాంటిది 601కి దిగింది, ఒకరోజు 598. స్కోరు తగ్గడం కన్నా అది తగ్గే తీరే పిచ్చెక్కించింది. మంచి షాటు పడితే చేతికి తెలిసిపోతుంది, ట్రిగ్గర్ వదిలిన క్షణంలో 10.5 అని లోపల చదివేస్తాం. మానిటర్ చూస్తే 8.9, ఎడమ పక్కన. ఆ తర్వాతది నిజంగానే 10.5. ఇంకోటి 9.1, ఈసారి కింద. రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. ఆవగింజ అంత కూడా ఉండదు. అక్కడ పెల్లెట్టుకీ పెల్లెట్టుకీ తేడా వస్తే మన ఊపిరీ, మన నిలకడా ఎంత బాగుండి ఏం లాభం?

"పెల్లెట్లు బాలేవేమో సార్" అని కోచ్ దగ్గర ఒకసారి గొణిగాను. ఆయన నవ్వి, "ఆడలేక మద్దెల ఓడన్నారట" అని అవతలి లేన్‌కి వెళ్లిపోయారు. సిగ్గేసి ఇంక ఆ మాట ఎత్తలేదు. స్లింగ్ (రైఫిల్ని చేతికి కట్టే పట్టీ) బిగించాను, వదులు చేశాను. భుజానికి ఆనే బట్‌ప్లేట్ మార్చాను. కళ్ల డాక్టరు దగ్గరికెళ్లి 3,200 పెట్టి కొత్త లెన్స్ వేయించుకున్నాను. తెల్లారుజామున ప్రాణాయామం మొదలెట్టాను. రాత్రుళ్లు హాల్లో గోడకి చుక్క పెట్టి ఉత్త రైఫిల్‌తో గురి చూస్తుంటే, మా ఆవిడ టీవీ సౌండు తగ్గించి జాలిగా చూసేది.

ఒకరోజు డబ్బా కార్లోనే మర్చిపోయాను. పక్క లేన్‌లో పెద్దాయన, రిటైర్డ్ సుబేదార్, తన డబ్బాలోంచి పది పెల్లెట్లు చేతిలో పోశారు. పది షాట్లకి 103.8. తర్వాత కార్లోంచి నా డబ్బా తెచ్చుకుని పది కాల్చాను, 99.2. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇంట్లో నా పాత డబ్బా ఒకటి అడుగున కొన్ని పెల్లెట్లతో మిగిలింది. ఆ పాతదీ ఈ కొత్తదీ పట్టుకుని మా వీధి చివర బంగారం కొట్టుకెళ్లాను. ఆయన కాటా మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. సీసం తూచడానికి వచ్చిన మొదటి మనిషిని నేనేనట. పాత డబ్బాలోవి ఇరవై తూచాం, అన్నీ 0.528కీ 0.533కీ మధ్యే. కొత్తవి ఇరవై వేస్తే 0.506 నుంచి 0.541 దాకా చెల్లాచెదురు. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని ఒక్కోటీ తిప్పి చూసి, "వెనక అంచు సొట్టలు పోయింది సార్, గుండ్రంగా లేదు. ఇవన్నీ ఒక చోటివి కూడా కావు" అన్నారు. మూడు నెలలు నేను కనిపెట్టలేనిది ఆయనకి పది నిమిషాలు పట్టింది. మర్నాడు రేంజ్‌లో రైఫిల్ని బిగించి ఐదేసి షాట్లు కాల్చి చూశాం. మంచి పెల్లెట్లవి ఐదూ కలిసి 5 మిల్లీమీటర్ల చిల్లు, దాదాపు ఒకటే రంధ్రం. వీటివి 9 మిల్లీమీటర్లు. కోచ్ వచ్చి చూసి, "ఈసారి మద్దెల నిజంగానే ఓడే" అన్నారు.

అమ్మినవాడికి కాటా ఫొటోలు పంపితే ముందు "బ్యారెల్ క్లీన్ చేయండి సార్" అన్నాడు. తర్వాత, "పోనీ, మీకు పాయింట్ టూ టూ రౌండ్లు కావాలా, లైసెన్సు లేకపోయినా ఇప్పిస్తా" అన్నాడు. ఇక్కడ దయచేసి జాగ్రత్తగా వినండి. 4.5 ఎంఎం సైజు, 20 జౌల్స్ శక్తి లోపు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు, పెల్లెట్లకీ అక్కర్లేదు. వాడన్న పాయింట్ టూ టూ రౌండ్లు 50 మీటర్ల రైఫిల్లో వాడే అసలు తూటాలు, వాటి సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా కొన్నా, దగ్గర పెట్టుకున్నా నేరమే. 50 మీటర్లకి ఎదుగుతున్న పిల్లల తల్లిదండ్రులు కరువు చూసి ఇలాంటి మాటకి పడిపోతే, పోయేది డబ్బాడు పెల్లెట్లు కాదు, పిల్లవాడి భవిష్యత్తు. నేను ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి క్లబ్బు సెక్రటరీకి ఇచ్చాను. ఆ సాయంత్రానికే అమ్మినవాడు నన్ను బ్లాక్ చేశాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే వాళ్లు అడిగిన మొదటి మాట, బిల్లుందా అని.

ఇప్పుడు మేం ఎనిమిది మందిమి కలిసి కొంటున్నాం, బిల్లుతోనే. ముందు ఒక్క డబ్బా తెప్పించి, ఇరవై తూచి, బిగించి కాల్చి చూసి, నచ్చితే మిగతావి అదే లాట్ నంబరులో అడుగుతాం. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీస్తాం. ఖరీదు ఎక్కువే. అందుకే షాట్లు 80 నుంచి 50కి తగ్గించి, మిగతాది ఇంట్లో గోడ మీది చుక్కతో సరిపెడుతున్నాను.

డబ్బాలు నిజమైనవి, సరుకు మాత్రం కాదు, ఇదెలా అని చాలా రోజులు బుర్ర గోక్కున్నాను. మా రేంజ్ ఊడ్చే కుర్రాడు మాటల్లో చెప్పాడు, ఎవరో నెలకోసారి వచ్చి చెత్తబుట్టలోని ఖాళీ డబ్బాలు ఒక్కోటి పది రూపాయలకి కొనుక్కెళ్తున్నాడట. పిల్లలు తమ డబ్బా మారిపోకుండా అడుగున పేరు రాసుకుంటారు. ఆ మరక అదే అయ్యుంటుంది. అప్పట్నుంచి డబ్బా ఖాళీ అయితే చెత్తబుట్టలో వేయడం లేదు. లేన్ వెనక్కి తీసుకెళ్లి, బూటు మడమ కింద పెట్టి, మూత ఇంక పట్టదన్నంత వరకూ తొక్కుతున్నాను. ఇప్పుడు పిల్లలు కూడా వరసగా నిలబడి తొక్కుతున్నారు.