పొత్తేరిలో దిగాలా, వండలూరులో బస్సెక్కాలా

పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్న స్టేషన్ అది. క్రోంపేటలో లోకల్ ఎక్కి చెంగల్పట్టులో దిగుతాను. అక్కడ ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాస్తాను. గూడువాంచేరి దాటగానే పొత్తేరి. అంతదాకా తలుపు దగ్గర బ్యాగులు ముందుకు తగిలించుకుని కిక్కిరిసి నిలబడ్డ పిల్లలంతా ఒక్కసారిగా దిగిపోతారు. నాకు సీటు దొరికేది అక్కడే. నిజం చెప్పాలంటే, ఆ పిల్లలు చదివే ఎస్ఆర్ఎం యూనివర్సిటీ గురించి ఇన్నాళ్ళూ నాకు తెలిసింది ఆ సీటు ఒక్కటే. ఈ మే నెలలో మొదటిసారి నేనూ అక్కడ దిగాను.

మా అక్క వాళ్ళది ఒంగోలు. వాళ్ళమ్మాయికి ఎస్ఆర్ఎం కాట్టాంకుళత్తూరులో (ఈ పొత్తేరి క్యాంపస్సే) కంప్యూటర్ సైన్స్, వీఐటీ యూనివర్సిటీ చెన్నై క్యాంపస్‌లో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్, వచ్చాయి. "నువ్వక్కడే ఉన్నావుగా, చూసి చెప్పవే" అని అక్క ఫోన్. బావగారిది ఒకటే పట్టు: "ఆ రెండూ అమరావతిలోనే ఉన్నాయి గదా, మద్రాసు దాకా దేనికి?" ఆయన అన్నదీ నిజమే. 2017లో వీఐటీ ఐనవోలులో, ఎస్ఆర్ఎం నీరుకొండలో క్యాంపస్‌లు తెరిచాయి. కానీ పిల్ల ఒప్పుకోలేదు. "అక్కడైతే ప్రతి ఆదివారం నాన్న క్యారేజీ పట్టుకుని వచ్చేస్తారు పిన్నీ" అంది. నేను నవ్వాను గానీ, పద్ధెనిమిదేళ్ళ పిల్లకి అది చిన్న కారణమేమీ కాదు.

తల్లీ కూతురూ పినాకినిలో వచ్చారు. సాయంత్రం మా ఇంటి ఓనరమ్మ మెట్ల మీద ఆపి, "ఎంఐటీ ఇక్కడే ఉంది కదా, దాన్ని వదిలేసి ఎక్కడెక్కడికో ఎందుకు పోతారు?" అని తమిళంలో క్లాసు పీకింది. మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అన్నమాట. అబ్దుల్ కలాం గారు ఏరోనాటికల్ చదివిన కాలేజీ అది, 1949లో మొదలైంది, ఇప్పుడు అన్నా యూనివర్సిటీ క్యాంపస్. అక్కడ సీట్లు నింపేది తమిళనాడు కౌన్సెలింగ్‌లో, ప్లస్ టూ మార్కుల మీద. ఇక్కడ 2007 నుంచే ఎంట్రన్స్ లేదు. ఒంగోలులో ఇంటర్ చదివి, ఈఏపీసెట్ రాసిన పిల్లకి ఆ దారి వేరు అని ఆవిడకి చెప్పేసరికి పాలు పొంగిపోయాయి.

మొదటిరోజు ఎస్ఆర్ఎం. రైలు దిగితే క్యాంపస్సే. అది మామూలు విషయంగా తీసుకోకండి. చెన్నై ఎండలో సామాను మోసుకుని ఆటోవాడితో బేరమాడక్కర్లేకపోవడం ఎంత సుఖమో, నాలుగేళ్ళు మోసినవాళ్ళకే తెలుసు. బయట జీఎస్టీ రోడ్డు. పేరు విని అక్క "పన్ను కట్టాలా?" అనడిగింది. గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు అని చెప్పాను. ఇంజనీరింగ్ కాలేజీగా 1985లో మొదలైన చోటు ఇది. ఇప్పుడు మెడికల్ కాలేజీ, పెద్దాసుపత్రి అన్నీ ఒకే ఆవరణలో. కేస్ షీట్లు పట్టుకున్న పేషెంట్లు, ల్యాబ్ కోట్లలో పిల్లలు, ఇంటర్వ్యూకి టక్ చేసుకున్న కుర్రాళ్ళు అంతా కలిసి నడుస్తుంటారు. ఊరు ఊరంతా కాలేజీ అన్నట్టుంది. సెలవులకి సగంమంది వెళ్ళిపోయినా టీ కొట్టు దగ్గర ముగ్గురిలో ఒకరు తెలుగే. ఒకబ్బాయి యాస విని "కావలా?" అన్నాను. "కాదాంటీ, ఆత్మకూరు" అన్నాడు. దగ్గరకే వచ్చాను.

పెద్ద చోటు కాబట్టి ఏది కావాలంటే అది దొరుకుతుంది: క్లబ్బులు, ఆరుష్ అని టెక్ ఫెస్ట్, మిలన్ అని కల్చరల్ ఫెస్ట్. తనంతట తాను వెళ్ళి కలుపుకునే పిల్లలకి పండగే. అడిగితే తప్ప మాట్లాడని పిల్లకి ఎలా ఉంటుందన్నదే నా టెన్షన్. మా పిల్ల రెండో రకం. రెండు గంటల్లో ఆ అమ్మాయి నోరు తెరిచింది ఒక్కసారే, "పిన్నీ, మంచినీళ్ళు" అని.

రెండోరోజు వీఐటీ. తాంబరంలో కేళంబాక్కం బస్సెక్కాం. వండలూరు జూ దగ్గర తిరిగాక ఊరు పలచబడుతూ వస్తుంది. దారిలో కాంచీపురం ట్రిపుల్ ఐటీ డీఎం బోర్డు చూసి అక్క "మనం కంచి వచ్చామా?" అని లేచి నిలబడింది. పేరే కాంచీపురం, ఉండేది ఈ రోడ్డు మీదే. ఆ తర్వాతే వీఐటీ. 2010లో పెట్టిన క్యాంపస్ గనక కట్టడాలన్నీ ఒక వరసలో, ఒక లెక్కలో ఉంటాయి. బయట కాలక్షేపానికి పెద్దగా ఏమీ లేదు. రైలు కావాలంటే మళ్ళీ వండలూరో తాంబరమో పోవాలి. పండక్కి ఒంగోలు బయల్దేరిన పిల్ల సెంట్రల్ చేరాలంటే బస్సు, లోకల్, తర్వాత పార్క్ స్టేషన్ నుంచి రోడ్డు దాటడం. ఈ విషయంలో పొత్తేరికి వంద మార్కులు, దీనికి నలభై.

కానీ నాకు నిజంగా పనికొచ్చింది క్యాంటీన్లో జరిగింది. ఎదురు బెంచీ మీద గుంటూరమ్మాయి, మూడో సంవత్సరం, ల్యాప్‌టాప్ తిప్పి తన టైంటేబుల్ చూపించింది. రంగురంగుల గళ్ళు, వాటిలో ఏ1, బీ1, ఏ2 అని రాసి ఉంది. ఎఫ్ఎఫ్‌సీఎస్ అంటారు దాన్ని. ఒకే సబ్జెక్టు నలుగురైదుగురు మేష్టార్లు వేర్వేరు వేళల్లో చెప్తారు. ఎవరి దగ్గర, ఏ స్లాట్‌లో చదవాలో విద్యార్థే ఎంచుకోవాలి. థియరీ పొద్దున తీసుకుంటే ల్యాబ్ మధ్యాహ్నం, అది మధ్యాహ్నమైతే ఇది పొద్దున.

"బాగానే ఉందిగా" అన్నాను.

"రిజిస్ట్రేషన్ రోజు చూడాలాంటీ. తత్కాల్ టికెట్టే. పేజీ తెరుచుకున్న నిమిషాల్లో మంచి సార్ల సీట్లన్నీ అయిపోతాయి. నేనైతే ముందురోజే కాగితం మీద మూడు ప్లాన్లు రాసి పెట్టుకుంటా. ఒకటి పోతే రెండోది."

నిజంగానే బ్యాగులోంచి ఆ కాగితం తీసింది. పెన్సిల్‌తో గీసిన గళ్ళు, కొట్టివేతలు, ఒక మూల "ఈ సార్ దొరక్కపోతే ఏడవకూడదు" అని. పదిహేనేళ్ళుగా బ్యాలెన్స్ షీట్లు చూస్తున్నా, అంత శ్రద్ధగా వేసిన పట్టిక నేను చూడలేదు. మా పిల్ల ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంది. రెండు రోజుల్లో తనంతట తాను చేసిన మొదటి పని అది.

మార్కుల సంగతీ ఆ అమ్మాయే చెప్పింది. థియరీ సబ్జెక్టుకి క్యాట్-1, క్యాట్-2 అని రెండు పరీక్షలు, చెరో 15 మార్కుల వెయిటేజీ. క్విజ్‌లు, అసైన్‌మెంట్లు కలిపి 30. చివరి పరీక్ష ఫ్యాట్‌కి 40. గ్రేడు మాత్రం క్లాసు సగటును బట్టి. అంటే నీకు 80 వచ్చినా పక్కవాళ్ళందరికీ 90 వస్తే నీ గ్రేడు జారుతుంది. ఇంటర్లో 98 శాతం చూసి మురిసిపోయిన ఇళ్ళల్లో ఈ ముక్క ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఫీజు దగ్గర ఒక మెలిక ఉంది. వీఐటీలో వాళ్ళ సొంత ఎంట్రన్స్ ర్యాంకును బట్టి ఒకటి నుంచి ఐదు దాకా కేటగిరీలు. ఒకటో కేటగిరీ చవక, ఐదోది ఖరీదు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పాఠం వినే ఇద్దరికి ఫీజు వేరు. మాది నాలుగోది. అందుకే "వీఐటీ ఫీజు ఎంత?" అని పక్కింటివాళ్ళని అడగడం దండగ. మీ కేటగిరీ ఏదో చూసుకుని, దానికి హాస్టల్, మెస్ కలిపి నాలుగుతో హెచ్చవేయండి.

ఈలోపు మా ఊరి వైపు నుంచి ఒక కన్సల్టెన్సీ ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. పేరు వద్దులెండి. "అమ్మా, ఆ కాలేజీలో సీఎస్‌ఈ రెండు సీట్లే మిగిలాయి, రేపు సాయంత్రానికి 50,000 వేస్తే బ్లాక్ చేస్తా." రసీదు ఎవరి పేరు మీద ఇస్తారు అనడిగాను. "ముందు వేయండమ్మా, రసీదుదేముంది" అని ఎవరో మనిషి పేరున్న యూపీఐ పంపాడు. ఆయనకి డబ్బు వేయొద్దని ఇరవైసార్లు చెప్పినా బావగారు కదిలేవారు కాదు గానీ, ఆ స్క్రీన్‌షాట్ చూసి చల్లబడ్డారు. రెండు చోట్లా ర్యాంకు మీద కౌన్సెలింగ్ ఆన్‌లైన్లోనే అవుతుంది, డబ్బు యూనివర్సిటీకే నేరుగా కడతాం. మధ్యలో మనిషి ఎందుకు?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ తేలకముందే ఇక్కడ డబ్బు కట్టాల్సి వస్తుంది, తర్వాత మనసు మారితే ఎలా అన్నది అక్క భయం. దీనికి 2018లో యూజీసీ పెట్టిన లెక్క ఉంది, ఈ రెండింటిలాంటి డీమ్డ్ యూనివర్సిటీలకూ వర్తిస్తుంది. అడ్మిషన్ల చివరి తేదీ అని ప్రకటించిన దానికి 15 రోజులు, అంతకన్నా ముందు మానుకుంటే దాదాపు అంతా తిరిగిస్తారు. పట్టుకునేది 5 శాతం, అదీ 5,000 దాటకూడదు. 15 రోజుల లోపైతే 90 శాతం. తేదీ దాటాక 15 రోజుల దాకా 80, 30 రోజుల దాకా 50, ఆపైన ఏమీ రాదు. ఆ చివరి తేదీ ఏదో కట్టేముందే రాసి పెట్టుకోండి. మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది.

ర్యాంకుల పట్టికల గోల నేను పెట్టుకోలేదు. నాణ్యత చూసి న్యాక్ ఇచ్చే గుర్తింపు సంస్థ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు కోర్సు వారీగా. కాబట్టి మనం చేరే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా లేదా అన్నది చూసుకుంటే చాలు.

నా ఓటు ఎస్ఆర్ఎంకే. కంప్యూటర్ సైన్స్, ఇంటి ముందు రైలు, జ్వరమొస్తే ఆవరణలోనే ఆసుపత్రి, మా ఇంటి నుంచి ఒక్క లోకల్. శనివారం పప్పుచారు పట్టుకెళ్ళిపోవచ్చు. ఈ మాట పైకి అన్నాక గానీ తెలియలేదు, బావగారి క్యారేజీ మాటే నేనూ అంటున్నానని. పిల్ల వీఐటీ అంది. ఈసీఈ ఎందుకని అడిగితే, ఇంట్లో పాడైన రేడియో విప్పి కూర్చునేది తనేగా అని అక్కే గుర్తుచేసింది. రెండో కారణం రాత్రి లైటార్పేశాక చెప్పింది: "నాకు పొద్దున్నే లేవడం రాదు పిన్నీ. అక్కడ థియరీ మధ్యాహ్నం పెట్టుకోవచ్చంట."

వీఐటీలోనే చేరింది. మొదటి సెమిస్టర్ టైంటేబుల్ మాత్రం వాళ్ళే ఇచ్చారు. పొద్దున ఎనిమిదింటికి క్లాసు. ఏడుంబావుకి అలారం చాలట్లేదని, నేను రైల్లో కూర్చున్నాక తనకి ఫోన్ చేసి లేపుతున్నాను.